ఏరు అడిగిన బిడ్డ

పోయిన నెల మా స్త్రీల కూడిక ముగిశాక ఒక యౌవన తల్లి నా దగ్గరకు వచ్చి కూర్చుంది. చంకలో బాబు. "టీచరమ్మగారూ, వీడికి మూడేళ్లు నిండాయి. ఇంకా నిలబడడం లేదు. నలుగురు పిల్లల్లో కూర్చోబెడితే ఎగతాళి చేస్తారు, ఇంట్లోనే ఉంచుకో అంటున్నారు మావాళ్లు. మీరు ఇన్నేళ్లు అంగన్‌వాడీలో పనిచేశారు కదా, ఏం చేయమంటారు?" అని అడిగింది. నాకు తోచింది చెప్పి పంపాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే ప్రశ్న ముప్పై ఏళ్ల క్రితం ఒక ముసలి అవ్వ నన్ను అడిగింది. అప్పుడు నేను ఆమెకు చెప్పిన జవాబు వేరు. ఆ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈ పత్రిక చదివే తల్లులకు ఉపయోగపడుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది మధిర వైపు. పెళ్లయి అత్తవారింటికి వచ్చింది భద్రాచలం అవతలికి. దుమ్ముగూడెం దాటి చర్ల వెళ్లే దారిలో ఎడమచేతి వైపు గోదావరి, కుడిచేతి వైపు అడవి ఉంటాయి. ఆ అడవిలో పడి పోతే రాష్ట్రం దాటిపోతాం. ఆ రోజుల్లో అవతలిది మధ్యప్రదేశ్, 2000 నుంచి ఛత్తీస్‌గఢ్. మాది అప్పుడు ఖమ్మం జిల్లా. 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. పేర్లు మారాయి గాని వానాకాలంలో వాగు పొంగితే దారి ఆగిపోవడం మాత్రం చాలా కాలం మారలేదు.

1989లో నాకు అంగన్‌వాడీ పని దొరికింది. ఈ పథకం దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైంది. మా గూడేనికి వచ్చేసరికి పద్నాలుగేళ్లు పట్టిందన్నమాట. మా కేంద్రం అంటే ఒక తాటాకు పాక, చుట్టూ వెదురు తడికలు, పేడతో అలికిన మట్టి నేల. బిడ్డలు ముప్పై మంది. అందులో ఇరవై మందికి పైగా కోయ బిడ్డలు, మిగతావారు వ్యవసాయానికి కింది నుంచి వచ్చి స్థిరపడినవారి పిల్లలు. నాకు తోడు ఒక కోయ ఆయా. ఆమె లేకపోతే నేను ఆరు నెలలు కూడా నిలిచేదాన్ని కాను.

ఉదయం తొమ్మిదింటికి ఆయా ఇల్లిల్లూ తిరిగి బిడ్డల్ని పోగుచేసుకుని వచ్చేది. ముందు చేతులు, ముఖాలు కడగడం. తరువాత పాట. ఆ తరువాత ఆట. ఆట సామాను ఎవరూ పంపలేదు, పంపినా అడవి ముందు అది ఏ మూలకు? చింతగింజలు, గచ్చకాయలు, కుంకుడు గింజలు, తాటి బుర్రలు, మోదుగాకులు, పుట్టమన్ను. చింతగింజల్ని కుప్పలు పోసి ఎక్కువ తక్కువలు చెప్పించేదాన్ని. మోదుగాకుల్ని చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది అని వరుసగా పేర్పించేదాన్ని. గురివింద గింజలు మాత్రం పాకలోకి రానిచ్చేదాన్ని కాదు. ఎర్రగా ముద్దుగా ఉంటాయి గాని నమిలి మింగితే ప్రాణాంతకం. ఆముదం గింజలు కూడా అంతే. ఒకసారి ఒకడు చింతగింజను ముక్కులో పెట్టుకుని నా ప్రాణం తీశాడు. అప్పటినుంచి మూడేళ్లలోపు వాళ్లకు గింజల ఆట లేదు, మట్టి ఆటే.

మధ్యాహ్నం గోధుమ రవ్వ ఉప్మా, ఒక కునుకు. నెలకొకసారి తక్కెడకు గుడ్డ ఉయ్యాల కట్టి తూకం. ఇదీ మా దినచర్య. చూసినవారు "బిడ్డలు ఊరికే ఆడుకుంటున్నారే" అనేవారు. ఆటలోనే చదువు ఉందని నాకు శిక్షణలో చెప్పారు. గాంధీగారి కాలంలోనే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు బాలమందిరం పెట్టి బిడ్డలకు దెబ్బలు లేకుండా ఆటలతో, కథలతో చదువు చెప్పాడని కూడా చెప్పారు. నేను నోట్సులో రాసుకున్నాను. రాసుకున్నదాన్ని నమ్మడానికి మరికొన్నేళ్లు పట్టింది.

1993 వానాకాలం మొదట్లో ఒక అవ్వ మనవణ్ణి చంకలో వేసుకుని వచ్చింది. పిల్లవాడికి అప్పటికి మూడు దాటాయి. కాళ్లు రెండూ కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి బిగుసుకుని ఉన్నాయి. చేతులు పిడికిళ్లు, బొటనవేళ్లు పిడికిట్లో దాక్కుని ఉన్నాయి. నోటి పక్క నుంచి చొంగ. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదట. ఇప్పుడైతే దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని, అది అంటురోగం కాదని, దేవుడి శిక్ష అంతకన్నా కాదని గడగడా చెప్పగలను. అప్పుడు నాకు తెలియదు.

"వీణ్ణి గూడ నీ కాడ కూసోబెట్టు బిడ్డా" అంది అవ్వ.

"ముప్పై మందిని నేనూ ఆయా ఇద్దరమే చూస్తున్నాం అవ్వా. వీణ్ణి ఎవరు పట్టుకోవాలి? భద్రాచలం పెద్దాసుపత్రికి తీసుకుపో" అన్నాను.

అవ్వ బతిమాలలేదు. ఒక్క మాట కూడా అనలేదు. బిడ్డను చంక మార్చుకుని వెనక్కు తిరిగి వెళ్లిపోయింది. నేను చెప్పింది సబబే అనుకున్నాను. ఆయా మాత్రం ఆ రోజంతా నాతో ముభావంగా ఉంది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో తునికాకు కోత మొదలైంది. అది మా అడవి ఊళ్లకు రెండో పంట లాంటిది. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోతారు, ఎండెక్కాక మోపులతో తిరిగి వచ్చి కట్టలు కట్టుకుంటారు. నేను ఇంటింటి లెక్కలు రాసుకుంటూ ఆ అవ్వ ఇంటి ముందుకు వెళ్లాను. తలుపు దగ్గరకు వేసి ఉంది. వసారాలో గుంజకు ఆ పిల్లవాడు నడుము దగ్గర పాత చీరతో కట్టి ఉన్నాడు. పక్కన చిప్పలో జావ, అందులో చీమలు. ఒక కోడి వాడి కాళ్ల మీదుగా నడుస్తోంది.

తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టను. కట్టకపోతే పాకి వెళ్లి పొయ్యిలో పడతాడు. ఆకు కోయకపోతే ఆ ఏడు బట్టలు లేవు. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. వాణ్ణి కూర్చోబెట్టడానికి ఊళ్లో ఒకే ఒక చోటు ఉంది, ఆ చోటు తాళంచెవి నా కొంగున ఉంది. వాడు నన్ను చూసి నవ్వాడు. తలంతా ఒక పక్కకు లాక్కుపోయే నవ్వు. సాయంత్రం దాకా ఆగి, అవ్వ వచ్చాక, రేపటి నుంచి తీసుకురమ్మని చెప్పాను.

ఇక్కడితో నా పాపం తీరిపోయిందనుకుంటారేమో, లేదు.

మొదటి రోజు వాణ్ణి గోనెపట్టా మీద గోడవారగా చేరగిలబెట్టాను. ఆయా రేషను సరుకుల కోసం వెళ్లింది. పది గంటల ప్రాంతంలో వాడు ద్వారం వైపు చూస్తూ "ఏ... ఏ..." అనడం మొదలుపెట్టాడు. చాలా కష్టపడి "ఏరు" అన్నాడు. మా పాక వెనుకే వాగు పారుతుంది. ఏటికి పోదామంటున్నాడు గాబోలు అనుకుని, "ఇప్పుడు కాదు నాయనా, సాయంత్రం అవ్వ తీసుకుపోతుంది" అన్నాను. వాడు మళ్లీ అన్నాడు. నేను మళ్లీ అదే చెప్పాను. ఏడ్చాడు. బెల్లం ముక్క నోట్లో పెట్టాను, ఉమ్మేశాడు. చివరకు ఊరుకున్నాడు. అలవాటు పడ్డాడులే అనుకుని సంతోషపడ్డాను కూడా.

పన్నెండు దాటాక ఆయా వచ్చింది. వాడి మొహం చూసి, ఒక్క మాట విని, పరుగున కుండ దగ్గరకు వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. "దప్పికతో ఉన్నాడు టీచరమ్మా. మా కోయలో ఏరు అంటే నీళ్లే గదా" అంది. ఏప్రిల్ ఎండ. రెండు గంటలకు పైగా ఆ బిడ్డ నన్ను నీళ్లు అడిగాడు.

అయిదేళ్లుగా కోయ బిడ్డల మధ్య ఉండి ఆ మాట నాకు ఎలా తెలియకుండా పోయిందని మీరు అడగవచ్చు. నేనూ అడుగుకున్నాను. మిగతా బిడ్డలకు దప్పికైతే లేచి కుండ దగ్గరకు వెళ్లి ముంచుకుని తాగుతారు. నన్ను అడగవలసిన పని లేదు. లేవలేని బిడ్డ ఒకడు వచ్చేదాకా ఆ మాట నా ముందు ఎవరికీ అవసరం రాలేదు. పైగా పాకలో కోయ మాట్లాడితే నేను "తెలుగులో చెప్పు" అని గద్దించేదాన్ని. తెలుగు నేర్పడమే నా పని అనుకున్నాను.

మా దుమ్ముగూడెంలో కోయల మధ్య పరిచర్య 1860 ప్రాంతంలో మొదలైందని మన పెద్దలు చెబుతారు. తరువాత అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ దొరగారు కోయ భాష నేర్చుకుని, లూకా సువార్తను ఆ భాషలోకి తెచ్చాడు. సముద్రాలు దాటి వచ్చినవాడు ఒక సువార్త మొత్తానికి సరిపడా మాటలు నేర్చాడు. మధిర నుంచి బస్సులో వచ్చిన నేను నీళ్లు అనే మాట నేర్వలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు వేస్తుంది. ఆ రోజు నుంచి ఆయా నాకు పంతులమ్మ అయింది. లోను అంటే ఇల్లు అని, ఒక్కొక్క మాటే పలకమీద రాసుకుని నేర్చుకున్నాను. నేను తప్పు పలికితే బిడ్డలు పడీ పడీ నవ్వేవారు. నన్ను చూసి నవ్వే అవకాశం దొరికాక వాళ్లు తెలుగు కూడా త్వరగా నేర్చుకున్నారు. ఇది ఎలా జరిగిందో నాకు చెప్పడం రాదు గాని జరిగింది.

ఇక కూర్చోబెట్టే సంగతి. గోడకు చేరగిలబెడితే వాడు ఒక పక్కకు జారిపోయేవాడు. భద్రాచలంలో వ్యాయామ చికిత్స చేసే ఒకాయన దగ్గరకు అవ్వతో పాటు నేనూ వెళ్లాను. ఆయన దగ్గర బొమ్మలున్న ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. మెక్సికో కొండ ఊళ్లలో పనిచేసిన డేవిడ్ వెర్నర్ అనే ఆయన 1987లో వేసింది, పల్లెటూరి వికలాంగ బిడ్డల కోసం. అందులో బొమ్మ చూపించి, నేలలో చిన్న గొయ్యి తీయమన్నాడు. గట్టు మీద కూర్చుంటే కాళ్లు గోతిలోకి దిగాలి. తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర నిండుగా వంగాలి. తొడలు కలిసిపోకుండా మధ్యలో గుడ్డ చుట్టిన చిన్న దిమ్మ. వీపుకు వెదురు తడిక ఆనుడు. ముందు ఒక పలక. నడుము నిలబడితే చేతులకు పని దొరుకుతుందని ఆయన చెప్పాడు. మా నేల మట్టిదే గదా, వాడి తండ్రి ఒక గంటలో తవ్వేశాడు.

మరుసటి రోజు పెద్ద గొడవ. బిడ్డలందరూ గోతిలో కూర్చుంటామని పట్టుబట్టారు. ఏడుపులు, తోపులాటలు. చివరకు ఇంకో మూడు గోతులు తవ్వించవలసి వచ్చింది. అప్పటిదాకా "ఆ గాలి మా పిల్లలకు సోకుతుంది" అని ఇద్దరు తల్లులు తమ బిడ్డల్ని పంపడం మానేసి ఉన్నారు. నేను రెండుసార్లు ఇంటికి వెళ్లి బోధించాను, ఫలితం లేదు. గోతుల సంగతి విని ఆ ఇద్దరు బిడ్డలే ఇంట్లో రాగాలు పెట్టారు. నాలుగో రోజుకు తల్లులే తెచ్చి దింపి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయారు.

వాడికి మొదట ఇచ్చింది తడి పుట్టమన్ను. పిడికిలిని మనం బలవంతంగా లాగి విప్పితే ఇంకా బిగుస్తుంది. మట్టి ముద్ద మీద చెయ్యి ఆనించి ఊరుకుంటే, మిగతా పిల్లలు పిసుకుతుంటే చూసి, వాడే మెల్లగా వేళ్లు కదిపేవాడు. వానలు వెనుకబట్టేసరికి ఎడమచేయి తెరుచుకుంది. కుడిచేయి ఎన్నడూ పూర్తిగా రాలేదు. క్రిస్మసు నాటికి గచ్చకాయను పట్టుకుని తాటి బుర్రలో వేయగలిగాడు. ఆ ఒక్క కాయకు ఆయా ఊరంతా చెప్పి వచ్చింది. తినిపించడం కూడా నేర్చుకున్నాం. తల వెనక్కు వాల్చి పోస్తే పొలమారుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చెంచా ఎదురుగా, కిందినుంచి తేవాలి. తల్లులారా, ఇది మాత్రం జ్ఞాపకం ఉంచుకోండి.

ఆ ఏడే ఇంకొక సంగతి బయటపడింది. మా పాకలో ఒక ఆడబిడ్డ ఉండేది. నెమ్మదస్తురాలు, అల్లరి లేదు, మంచి పిల్ల అని నేను మెచ్చుకునేదాన్ని. ఒకరోజు ఆయా వెనుక నుంచి పళ్లెం జారవిడిస్తే అందరూ ఉలిక్కిపడ్డారు, ఆ పిల్ల తప్ప. అది మంచితనం కాదు, చెవుడు. రెండేళ్లు నా కళ్లముందే ఉంది. ఊళ్లో కొమ్ము ఆటకు డోళ్లు మోగితే ఆ పిల్ల వెళ్లి డోలు మీద చెయ్యి పెట్టి నిలబడేదని తరువాత తల్లి చెప్పింది. మేమూ పాట పాడేటప్పుడు ఆమె చేతిని డబ్బా మీద ఉంచి వాయించడం మొదలుపెట్టాం. ఆమె సైగల్ని మిగతా బిడ్డలు మాకన్నా ముందు నేర్చుకున్నారు. గోతిలో పిల్లవాడికి మాట కష్టం గనుక వాడూ ఆ సైగలే పట్టుకున్నాడు, ఎడమచేత్తో. ఇద్దరూ ఏవేవో చెప్పుకుని నవ్వుకునేవారు. అందులో సగం నా మీదేనని ఆయా అనేది.

ముట్టుకునే ఆటలో వాడిని గుంజగా పెట్టారు. తరిమేవాడికి దొరకకుండా వచ్చి వాడి చెయ్యి పట్టుకుంటే ఔటు కాదు. పాపం, వాడిని జాలిపడి కలుపుకున్నారు అనుకుని నేను కళ్లు తుడుచుకున్నాను. కాసేపు చూస్తే తెలిసింది, తనకు నచ్చనివాడు పరుగెత్తి వస్తే వాడు చెయ్యి వెనక్కు లాక్కుంటున్నాడు! అందరూ వాడితో పోట్లాడుతున్నారు. ఒకడైతే "నువ్వు దొంగాట ఆడతావు, రేపు నిన్ను పెట్టం" అని బెదిరించాడు. వాడు పుట్టాక వాడితో ఎవరైనా పోట్లాడడం అదే మొదటిసారి అయి ఉంటుంది. వాడి మొహం వెలిగిపోయింది. జాలి పెద్దవాళ్లది. బిడ్డలకు ఆట కావాలి, ఆటలో న్యాయం కావాలి.

ఆరేళ్లు నిండాక వాణ్ణి బడికి తీసుకెళ్లాను. ఆ బడి పేరు ఇక్కడ వద్దు. మెట్లున్నాయి, చూసుకునేవారు లేరు, మిగతా పిల్లల చదువు పాడవుతుంది అన్నారు. నేను మూడేళ్ల కిందట అవ్వతో అన్న మాటలే, నాకే తిరిగి వచ్చాయి. వికలాంగ బిడ్డలకు పద్దెనిమిదేళ్ల వరకు ఉచితంగా చదువు చెప్పాలని 1995లోనే చట్టం వచ్చిందని, 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలులో ఉందని అప్పుడు నాకు తెలియదు. తెలిసి ఉంటే గుమ్మంలో కూర్చునేదాన్ని. తెలియక వెనక్కు వచ్చాను. మా రిజిస్టరులో ఆరేళ్ల తరువాత పేరు ఉండకూడదు. పేరు కొట్టేశాను, బిడ్డను మాత్రం పంపలేదు. తొమ్మిదేళ్లు వచ్చేదాకా వాడు ఆ గోతిలోనే కూర్చున్నాడు. నా పళ్లెంలోది వాడికి పెట్టేదాన్ని. చిన్నవాళ్లకు గింజల లెక్క వాడే చెప్పేవాడు. కూడికలు, తీసివేతలు వాడికి అలాగే వచ్చాయి. అక్షరాలు సగమే వచ్చాయి. అది నా లోపం.

తరువాతి కాలంలో ఇంకో రకం బిడ్డలు వచ్చారు. 2005లో అవతలి రాష్ట్రంలో గొడవలు పెరిగి గుత్తికోయ కుటుంబాలు అడవి దాటి మా వైపు వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. ఆ బిడ్డలకు అవయవాలన్నీ బాగున్నాయి. కాని బొమ్మరిల్లు ఆట ఆడమంటే మా పిల్లలు ముందు పొయ్యి పెడతారు, వాళ్లు ముందు మూట కట్టేవారు. మూట కట్టి, చిన్నదాన్ని చంకనేసుకుని పాక చుట్టూ నడిచేవారు. నేను ఏమీ అనలేదు. ఆడుకోనిచ్చాను. ఒక వానాకాలం గడిచాక ఒక పిల్ల మూట విప్పి పొయ్యి రాళ్లు పెట్టింది.

నేను విరమించేనాటికి పనులు కొంత సులువయ్యాయి. 2013లో మొదలైన బాల ఆరోగ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి బిడ్డల్ని పరీక్షించేది. వంకర పాదాలతో పుట్టిన ఒక బాబుకు వారం వారం పిండికట్లు వేయించి నడిపించగలిగాం. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో ఇరవై ఒకటి చేర్చారు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం అంగన్‌వాడీలకే ప్రత్యేకంగా ఒక పద్ధతి తెచ్చింది. బిడ్డలో తేడాను ముందే కనిపెట్టడం, అందరితో కలిపి కూర్చోబెట్టడం, అవసరమైతే వైద్యానికి పంపడం అందులో ఉన్నాయి. కాగితం మీద ఉన్నది పాకలోకి వచ్చిందా లేదా అని మాత్రం వెళ్లి చూడాలి. కనుక కూడికలో అడిగిన ఆ తల్లికి నేను చెప్పింది ఇదే: "రేపు ఉదయం తీసుకుపో. కాదంటే నాకు ఫోన్ చెయ్యి, నేను వస్తాను." ఆమె ఇంకా ఫోన్ చేయలేదు. ఈ వారం నేనే వెళ్లబోతున్నాను.

మొన్న చర్ల వైపు వెళ్లినప్పుడు వాడి దగ్గర దిగాను. ఇప్పుడు ముప్పై అయిదు నిండినవాడు. అవ్వ పోయి చాలా కాలమైంది. తమ్ముడి కిరాణా కొట్టు ముందు, నేలలో తవ్విన గోతిలో కాళ్లు దింపుకుని కూర్చుని గల్లాపెట్టె చూసుకుంటున్నాడు. ఎడమచేత్తో చిల్లర లెక్కపెట్టి ఇస్తున్నాడు. ఒక రూపాయి ఎక్కువ ఇవ్వడు, తక్కువ ఇవ్వడు. మొదటి రోజు కథ అవ్వ వాడికి ఎప్పుడో చెప్పేసింది. అందుకే నేను ఎప్పుడు వెళ్లినా కుశలం కన్నా ముందు ఒకటే మాట, తలంతా ఒక పక్కకు పోయే ఆ నవ్వుతో.

"ఏ... రు... తాగుతావా టీచరమ్మా?"

తాగాను. ఎండగా ఉంది. ఇంకో గ్లాసు కూడా అడిగాను.